అందరూ ఉపవాసం అనుకున్నారు

మా చర్చి సంఘంలో, దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి లేచినవాళ్ళు ముందుగా దేవునికి స్తోత్రం చెబుతారు. నేనూ చెబుతాను. కాకపోతే నా స్తోత్రం పెరుగన్నంతో మొదలవుతుంది. ఇవాళ మధ్యాహ్నం గిన్నె నిండా పెరుగన్నం తిన్నాను. మా అమ్మ పక్కన కాపలా కూర్చోలేదు. తిన్నాక నేను ఏడవలేదు. ఈ మాటలు అబద్ధం కాకుండా రాయడానికి నాకు ఏడాది పైన పట్టింది.

ఇది ఇద్దరి కోసం రాస్తున్నాను. ఒకరు, అమీర్‌పేట హాస్టల్ గదిలో అద్దం ముందు నిలబడి పొట్ట లోపలికి లాక్కుంటున్న అమ్మాయి. రెండోవారు, ఆ అమ్మాయిని చూసి "ఎంత సన్నబడ్డావే, ఇప్పుడు బాగున్నావు" అనబోతున్న పెద్దావిడ. ఆ పెద్దావిడ కాసేపు నోరు కట్టుకుని ఇది చదివితే బాగుంటుంది.

ముందే ఒక సంగతి చెప్పేస్తాను. నా బరువు ఎంతకు దిగిందో, ఏమేం మానేశానో, ఎలా మానేశానో ఇందులో ఉండదు. అలాంటివి చదివి పోటీకి దిగేవాళ్ళు ఉంటారు. ఒకప్పుడు నేను దిగాను, అందుకే తెలుసు.

*

మా ఇల్లు మధురానగర్‌లో, రెండు హాస్టళ్ళ మధ్య ఇరుక్కున్న పాత మేడ. నాన్న ఎర్రమంజిల్‌లో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. అమ్మది గుంటూరు వైపు. చిన్నప్పుడు నాకు ఉబ్బసం. బడి దుమ్ము పడదని డాక్టరు చెబితే, అమ్మ నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి చదివించింది. ఎక్కాలు, వ్యాకరణం, భూగోళం అన్నీ వంటింటి గట్టు పక్కనే నేర్చుకున్నాను. పదో తరగతి, ఇంటరు ఇంట్లోంచే రాశాను. కుట్టు కూడా అమ్మే నేర్పింది.

అందుకు నేను ఎప్పటికీ కృతజ్ఞురాలినే. అయితే అందులో ఒక లోటు ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు తోటిపిల్లలంటే ఆదివారం బడిలో గంటసేపు కనబడేవాళ్ళే. బండదానా అని ఏడిపించినవాళ్ళు లేరు, బాగున్నావని పొగిడినవాళ్ళూ లేరు. నేను ఎలా ఉంటానో నాకు తెలియదు. అమ్మ లెక్కలో నేను తప్పుల్లేకుండా చదివే పిల్లని, నాన్న లెక్కలో అల్లరి లేని పిల్లని. అంతే. ఇరవై రెండేళ్ళ వయసులో అమీర్‌పేటలో ఫ్యాషన్ కోర్సులో చేరినప్పుడు మొదటిసారి నిలువెత్తు అద్దం ముందు నిలబడ్డాను. కింది అంతస్తులో కంప్యూటర్ క్లాసులు, పైన మేము. నలుగురైదుగురు అమ్మాయిలు ఒకే అద్దంలో పడ్డాం. ఒకరి పక్కన ఒకరు నిలబడితే కొలతలు వాటంతట అవే వచ్చేస్తాయని ఆ రోజే తెలిసింది.

కోర్సు అయ్యాక పంజాగుట్టలో, నాన్న ఆఫీసుకు దగ్గర్లోనే, పెళ్ళి బట్టల షోరూముకి డిజైన్ ఉద్యోగానికి వెళ్ళాను. యజమానురాలు శైలజ మేడమ్ నా బొమ్మలు తిరగేస్తుండగా, వెనక బల్ల దగ్గర నుంచి కటింగ్ మాస్టర్ యూసుఫ్ భాయ్ టేపు మెడలో వేసుకుని వచ్చి నన్ను ఎగాదిగా చూశారు. అరవై దాటిన మనిషి.

"మేడమ్, గీ బేటీని బొమ్మలు గీసేటందుకు పెట్టకుర్రి. నాకియ్యుర్రి."

"ఎందుకు మాస్టర్?"

"ఎక్కువ లేదు, తక్కువ లేదు. నా మీడియం సైజు నడుసుకుంట వచ్చింది."

అలా నాకు ట్రయల్ పని దొరికింది. కొత్త డిజైను ఏదైనా ముందు చలవ చేయని కోరా గుడ్డతో కుట్టి నా ఒంటి మీద వేసి చూస్తారు. చెయ్యి ఎత్తమంటారు, వంగమంటారు, కూర్చోమంటారు. ఎక్కడ పట్టేసిందో, ఎక్కడ వదులైందో నేను చెప్పాలి. గుండుసూదులు పెట్టి సరిచేసి, ఆ కొలతతో అట్ట కత్తిరిస్తారు. ఆ అట్టను పెంచీ తగ్గించీ మిగతా సైజులన్నీ. ఈ పనికి కావలసింది అందం కాదు, నిలకడ. నెల నెలా మారని ఒళ్ళు కావాలి. ఎవరో ముక్కూ మొహం తెలియని పెళ్ళికూతురు చెయ్యెత్తి దండ వేసేటప్పుడు చంక దగ్గర కుట్టు పిగలకపోతే, ఆ చెయ్యి ముందు నేనెత్తి చూశానని గర్వంగా ఉండేది. బయటి ప్రపంచంలో నేను ఎవరినంటే, మాస్టర్ గారి మీడియంని.

*

జనవరిలో ఒకరోజు ఫోటోలకు రావలసిన మోడల్ రాలేదు. తెల్ల గౌను నాకు వేసి నిలబెట్టారు. ఫోటోలు ఫోన్లలో తిరిగాయి. మొహం కళగా ఉందన్నవాళ్ళు ఉన్నారు. చేతులు లావని రాసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. నాకు గుర్తున్నవాళ్ళు ఆ ఇద్దరే.

మేడమ్ చెడ్డ మనిషి కాదు. భుజం మీద చెయ్యి వేసి చెప్పారు. "హెప్సీ, కెమెరా కాస్త లావు చూపిస్తుందమ్మా. కొంచెం తగ్గావనుకో, ఇక ఫోటోలకి కూడా నువ్వే."

నా పేరు హెప్సిబా. అందరూ హెప్సీ అంటారు. ఆ రోజు నుంచి నా చెవిలో పేరు కంటే "కొంచెం" అన్న మాటే ఎక్కువసార్లు మోగింది. కొంచెం అంటే ఎంతో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. దానికి అడుగు లేదని తర్వాత తెలిసింది.

*

ఆ తర్వాత నెలలో శ్రమల దినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా సంఘంలో చాలామంది పొద్దుటి భోజనం మానేసి ప్రార్థిస్తారు. శుక్రవారాలు పది నుంచి రెండు దాకా ఆడవాళ్ళ ఉపవాస కూడిక. రెండింటికి ముగింపు ప్రార్థన, ఆపైన ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళి భోంచేస్తారు. చిన్నప్పటి నుంచి నాకు ఇష్టమైన రోజులవి.

మొదటి వారం నిజంగానే ప్రార్థించాను. రెండో వారంలో, మోకాళ్ళ మీద ఉన్నప్పుడు నేను వింటున్నది దేవుణ్ణి కాదు, నా కడుపుని. అది ఎంత నిశ్శబ్దంగా ఉంటే అంత గెలిచినట్టు. ఇంట్లో "ఎందుకు తినలేదే?" అంటే "ప్రార్థనలో ఉన్నానమ్మా" అంటే సరిపోయేది. అమ్మ ఇంకేమీ అడగకుండా గిన్నె మీద మూత తిరిగి పెట్టేసేది. ఆ మాటతో మా అమ్మను మోసం చేశాను. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని చేశాను. క్షమించమని ఇద్దరినీ అడిగాను. ఇద్దరూ క్షమించారు. ఆయన కాస్త ముందు, అమ్మ కాస్త తర్వాత.

సంఘం నన్ను ఆకాశానికెత్తింది. మా పాస్టరమ్మగారు, పాస్టరు గారి భార్య, గోదావరి ఆవిడ, మంచి గొంతు. ఒక శుక్రవారం అందరి ముందు నా చెయ్యి పట్టుకుని లేపారు. "ఈ కాలపు పిల్లలు పిజ్జాలంటూ పరిగెడుతుంటే, ఈ పిల్లని చూడండి! ఎముకలు కనబడుతున్నాయి చూశారా? అదీ ప్రార్థనంటే." అందరూ ఆమేన్ అన్నారు. వచ్చే శుక్రవారం నుంచి కూడిక నన్నే నడిపించమన్నారు. నా జబ్బుకు అంత పెద్ద ఆమేన్ దొరికింది.

ఈస్టరు వచ్చింది. అందరి ఉపవాసమూ ముగిసింది, నాది ముగియలేదు. నాన్న బదిలీ ఆగాలని కొన్నాళ్ళు, మందిరం మేడకు స్లాబు పడాలని కొన్నాళ్ళు. బదిలీ ఆగింది. స్లాబు పడింది. నేను ఆపలేదు.

*

మోసపోనిది ఒక్క టేపే.

శ్రమల దినాల మధ్యలో ఒక పగలు మాస్టర్ కోరా జాకెట్టు నా ఒంటి మీద వేసి, వీపు దగ్గర పిడికెడు గుడ్డ పట్టుకుని ఆగిపోయారు.

"బేటా, ఏందిది? పోయిన నెల అట్టకు నువ్వు వస్తలేవు."

"గుడ్డ సాగింది మాస్టర్."

"కోరా గుడ్డ సాగుతదా? నలభై ఏండ్ల సంది కత్తెర పట్టినోనికి చెప్తున్నవా?" అని సూది నోట్లోంచి తీశారు. "నువ్వు గిట్ల తగ్గుకుంట పోతే పంజాగుట్టల జాకెట్లన్నీ టైటయితయ్. ఆడోళ్ళు నిన్ను తిట్టరు, నన్ను తిడ్తరు."

"ఉపవాసం మాస్టర్. ప్రార్థన."

అప్పుడు రంజాన్ నడుస్తోంది. ఆయన కూడా పొద్దుటి నుంచి మంచినీళ్ళు ముట్టలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నారు. "నేను సుత రోజా ఉన్న. పొద్దు గూకంగనే ఖర్జూరం నోట్లె ఏస్త. నువ్వు ఎన్నడు తెరుస్తవ్ నీ రోజా? తెరిచేటిదుంటేనే రోజా అంటరు బేటా. తెరవని దాన్ని ఏమంటరో నాకైతే తెల్వది."

నాకు కోపం వచ్చింది. వేరే మతం మనిషి నా ప్రార్థన గురించి మాట్లాడటమేమిటని లోపల అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఇవాళ్టికీ సిగ్గుపడతాను.

మేడమ్ నవ్వేసి నన్ను పూర్తిగా ఫోటోలకు మార్చారు. ట్రయల్ గదికి దూది కూరిన డమ్మీ వచ్చింది. "నయమే, చెప్పకుంట తగ్గదు" అన్నారు మాస్టర్, నాకు వినబడేలా. ఈస్టరుకు తెల్ల పట్టు జాకెట్టు కుట్టమని ఆయనకే ఇచ్చాను. ఒంటికి అతుక్కున్నట్టు ఉండాలన్నాను. మారు మాట్లాడకుండా అలాగే కుట్టిచ్చారు. ఆ జాకెట్టు సంగతి మళ్ళీ వస్తుంది.

*

మే నెలలో హైదరాబాదంతా ఉడికిపోతుంటే నాకు చలేసేది. ఇంట్లో స్వెటర్ వేసుకుని కూర్చునేదాన్ని. దువ్వెనలో ఊడిన జుట్టు చూడాలంటే భయం. ప్రార్థన చేద్దామంటే రెండు మాటలు కుదిరేవి కావు. దేవునికి దగ్గరవుతున్నానని లోకమంతా అంటుంటే, ఆయన మొహం గుర్తుకు రాని రోజులవి. మిగతావన్నీ భరించాను గానీ, ఆ ఖాళీ చెప్పలేను.

ఒక మధ్యాహ్నం అమీర్‌పేట మెట్రో మెట్ల మీద పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి నా తల ఎవరి ఒళ్ళోనో ఉంది. మెట్ల కింద జామకాయలు అమ్మే ఆవిడ. నీళ్ళు చల్లుతూ తిడుతోంది. "ఏం తినకుంట తిరుగుతరు గీ పోరిలు. ఎవలికోసమే తల్లీ? లే, జర నోరు తెరువు." ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు పోసింది. నేను నోరు బిగించాను. ప్రాణం పోతున్నా చక్కెర అని భయపడ్డాను. అప్పుడు మొదటిసారి లోపల ఎవరో అన్నట్టు తోచింది, ఇది ప్రార్థన కాదు హెప్సీ అని. నోరు తెరిచాను. ఆవిడ పేరు తెలియదు. తర్వాత రెండుసార్లు వెతుక్కుంటూ వెళ్ళాను, కనబడలేదు. స్తోత్రం చెప్పేటప్పుడు పేరు లేకుండానే ఆవిడను తలుచుకుంటాను.

బేగంపేటలోని ఆసుపత్రిలో ఎన్ని గదుల ముందు కూర్చున్నామో. కడుపు డాక్టరు, గుండె డాక్టరు, రక్త పరీక్షలు. నాన్న ఫైలు ఒళ్ళో పెట్టుకుని, పేరు పిలిచినప్పుడల్లా ఎవరిదైనా సరే లేచి నిలబడేవారు. అమ్మ డబ్బా తెచ్చేది, నా ముందు పెట్టేది, తిరిగి తీసుకెళ్ళేది. బంధువులకూ సంఘానికీ "గ్యాస్ ట్రబుల్" అని చెప్పాం. చూడవచ్చినవాళ్ళు ప్రార్థించి వెళ్ళేవాళ్ళు. "ఉపవాసాల నీరసం, ధన్యురాలు" అని ఒకావిడ నా నుదురు ముద్దుపెట్టుకుంది.

చివరికి మమ్మల్ని మనసు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. గది బయట బోర్డు చూసి అమ్మ ఆగిపోయింది.

"ఏంటండీ ఇది? మా పిల్లకేమైనా పిచ్చా ఏంటి?" అని లోపలికి వెళ్ళగానే అడిగేసింది.

"పిచ్చి కాదమ్మా. తిండంటే భయపడే జబ్బు. ప్రాణం తీసే జబ్బే, నయమయ్యే జబ్బు కూడా" అన్నారు డాక్టరమ్మ. తర్వాత నా వైపు తిరిగి, "ఇకపై మీరు ఉపవాసం ఉండకూడదు. ఒక్క పూట కూడా" అన్నారు.

నేను వాదించాను. దేవునికీ నాకూ మధ్య మీరెవరన్నాను.

మా నాన్న మాట్లాడరు. పెళ్ళిళ్ళలో, గొడవల్లో, ఎక్కడా మాట్లాడరు. ఆ రోజు ఫైలు బల్ల మీద పెట్టి అన్నారు. "ఆయన పేరు తీయకు హెప్సీ. మా ఆఫీసు వెనక సందులో నువ్వు నీ డబ్బా కుక్కలకు పెట్టడం నేను చూశాను."

అమ్మ ఆయన వైపు తిరిగింది. "ఎన్నాళ్ళ నుంచి?"

"రెండు నెలలు."

"చూస్తూ ఊరుకున్నారా?"

"పిల్లది దయగల మనసు అనుకున్నాను" అన్నారు నాన్న. "రోజూ అదే అనుకున్నాను."

ఆ గదిలో ముగ్గురం ఏడ్చాం. డాక్టరమ్మ ఫ్యాను తగ్గించి, తొందరేమీ లేదన్నట్టు కూర్చున్నారు. మా ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. అమ్మ భక్తి అనుకుంది, నాన్న దయ అనుకున్నారు, సంఘం సమర్పణ అనుకుంది. మంచి మాటల వెనక ఎంత సులువుగా దాక్కోవచ్చో నాకు బాగా తెలుసు. అందుకే చెబుతున్నాను: మీ ఇంట్లో పిల్ల తినకపోతే, ఆమె చెప్పే కారణం ఎంత పవిత్రంగా ఉన్నా సరే, గిన్నె మూత పెట్టకండి.

*

జూన్ నుంచి దసరాల దాకా అమ్మ నాకు మళ్ళీ ఒకటో తరగతి మొదలుపెట్టింది. డాక్టరమ్మ రాసిచ్చిన వేళలు ఫ్రిజ్ తలుపుకు అంటించింది. ఎక్కాలు నేర్పిన ఆ వంటింటి గట్టు పక్కనే అన్నం తినడం నేర్పింది. నేను మంచి శిష్యురాలిని కాదు. అరిచాను. ఒకసారి కంచం విసిరికొట్టాను. అమ్మ మెతుకులు ఎత్తి, చెయ్యి కడుక్కుని, ఇంకో కంచంలో పెట్టుకొచ్చింది.

"తప్పు రాస్తే మళ్ళీ రాయించేదాన్ని గుర్తుందా? ఇదీ అంతే. మళ్ళీ."

"నాకు భయమేస్తోందమ్మా."

"వెయ్యనీ. భయపడుతూనే తిను. పదమూడో ఎక్కం కూడా ఏడుస్తూనే నేర్చుకున్నావు."

నేను తిన్న ప్రతిసారీ ఎదురుగా కూర్చుని తనూ తినేది. నాకు తోడుగా తిని తిని అమ్మ లావైంది. దసరా సెలవుల్లో వచ్చిన మా పిన్ని గుమ్మంలోనే "ఏంటక్కా, ఇంత ఒళ్ళు చేశావు?" అంది. అమ్మ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "నా కూతురు బతికిందే" అంది. అంతే. ఆ రోజు రాత్రి భోజనంలో నేను రెండోసారి అడిగి వడ్డించుకున్నాను.

బట్టలు పట్టడం మానేశాయి. అది అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. ఈస్టరు జాకెట్టు భుజం దాటి దిగలేదు. మంచం మీద కూర్చుని చింపేయబోతుంటే అమ్మ లాక్కుంది. తిరగేసి చూసి, "ఇదేంటే?" అంది. కుట్టు వెంబడి లోపల నాలుగు వేళ్ళ వెడల్పున గుడ్డ మడిచి ఉంది. రెండు పక్కలా, చేతుల్లో, వీపు దగ్గర. మామూలుగా ఎవరూ అంత వదలరు. పట్టుగుడ్డలో అసలే వదలరు. నేను అతుక్కున్నట్టు కుట్టమన్నాను, ఆయన అలాగే కుట్టారు. కానీ తిరిగొచ్చే మనిషి కోసం చోటు దాచిపెట్టారు.

ఆ జాకెట్టు పట్టుకుని పంజాగుట్ట వెళ్ళాను. షోరూము వెనక గుమ్మం నుంచి.

మాస్టర్ నన్ను చూసి టేపు తీశారు. నా మొహంలో రంగు పోవడం కనిపెట్టి ఉంటారు, టేపును తిరగేసి అంకెలు తన వైపుకు పెట్టుకున్నారు. కొలుస్తూ కాగితం మీద ఏదో రాశారు.

"ఎంత వచ్చింది మాస్టర్?"

"చూడు."

చూశాను. అంకెలు ఉర్దూలో ఉన్నాయి.

"నీకు సమజ్ కాదు, ఫికర్ చెయ్యకు" అన్నారు. "నా గుడ్డకు తెలిస్తే సాలు." కుట్టు విప్పుతూ తల ఎత్తకుండానే అడిగారు. "తెరిచినవా రోజా?"

"తెరిచాను."

"మస్తు ఆలస్యం చేసినవ్. ఖైర్, చాయ్ తాగు."

పాలు, చక్కెర అన్నీ వేసిన చాయ్. తాగాను.

*

మేడమ్ లోపలికి పిలిచారు. నిజంగానే సంతోషించారు, కళ్ళు తుడుచుకున్నారు కూడా. తర్వాత అన్నారు, "ఇప్పుడు మొహం నిండింది హెప్సీ. నెమ్మదిగా మళ్ళీ కొంచెం..."

"వద్దు మేడమ్" అన్నాను. జీవితంలో ఒక పెద్దావిడ మాటకు అడ్డు రావడం అదే మొదలు. ఇంట్లో చదువుకున్న పిల్లలకు అది చేతకాదు. "కొంచెం అన్న మాట నా దగ్గర వాడకండి. నేను ఫోటోలకు రాను. ట్రయల్‌కు వస్తాను. ఏ కొలత ఉందో దానితోనే వస్తాను. గుడ్డ నాకు సరిపోవాలి, నేను గుడ్డకు కాదు."

"కానీ నువ్వు పాత అట్ట దాటిపోయావు కదమ్మా. మీడియం కాదుగా ఇప్పుడు?"

గుమ్మంలో మాస్టర్ గొంతు వినబడింది. "అట్ట మారుస్త మేడమ్. కాగితమే గద. కాగితం మార్చుడు ఎంతసేపు?"

మేడమ్ ఆయన వైపు, నా వైపు చూశారు. ఆమెకు ఆ ఏడాది టైటయ్యాయని తిరిగొచ్చిన జాకెట్ల సంగతి గుర్తొచ్చిందో, ఇంకేమైనా గుర్తొచ్చిందో తెలియదు. ట్రయల్ గదిలోంచి డమ్మీని గోదాములోకి పంపించారు. పాత అట్టలు మాస్టర్ తన చేత్తోనే చింపారు. ఇప్పుడు ఆ షోరూములో మీడియం అంటే నేను మళ్ళీ. కొత్త మీడియం. పంజాగుట్టలో ఆడవాళ్ళు కొందరు ఈమధ్య హాయిగా ఊపిరి పీలుస్తుంటే, అందులో నా అన్నం కొంత ఉంది.

ఫ్యాషన్‌లోకి రావద్దని నేను ఎవరికీ చెప్పను. బట్టలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. గుడ్డ దేవుడిచ్చిన చక్కటి వస్తువు. రండి, నేర్చుకోండి. ఎవరైనా మీ ఒంటిని కత్తిరించి బట్టకు సరిచేద్దామంటే మాత్రం కత్తెర ఎటు తిప్పాలో చూపించండి.

*

ఒక పని మిగిలిపోయింది. మా సంఘానికి నేను ఇంకా గ్యాస్ ట్రబుల్ పేషెంటునే.

ఈ ఏడు శ్రమల దినాలు మొదలవగానే పాస్టరమ్మగారు ఫోన్ చేశారు. "దేవుడు నిన్ను లేపాడమ్మా. శుక్రవారం కూడికలో సాక్ష్యం చెప్పి, మళ్ళీ నువ్వే నడిపించాలి. నిన్ను చూసి ఎంతమంది పిల్లలు ఉపవాసం మొదలుపెట్టారో తెలుసా?"

ఆ చివరి మాట విన్నాకే వస్తానన్నాను. గురువారం మధ్యాహ్నం అమ్మ అడిగింది, "చెప్పేస్తావా?"

"చెప్పేస్తాను. నీకు తలవంపులా?"

అమ్మ మినప్పప్పు రుబ్బడానికి లేచింది. "ఇడ్లీలు పెట్టి ఇస్తాను. పదకొండింటికి నువ్వు తినాలి కదా."

కుట్టు విప్పి వదులు చేసిన తెల్ల పట్టు జాకెట్టు వేసుకుని వెళ్ళాను. నలభై మంది దాకా ఆడవాళ్ళు చాప మీద కూర్చున్నారు. రెండు పాటలయ్యాయి. సాక్ష్యానికి నన్ను పిలిచేసరికి గోడ గడియారం పదకొండు చూపిస్తోంది. డబ్బా పట్టుకునే ముందుకు వెళ్ళాను. కూర్చుని మూత తీశాను. ఆ నిశ్శబ్దంలో స్టీలు మూత చప్పుడు ఎంత పెద్దదో నేను చెప్పలేను.

వెనక నుంచి ఒకావిడ, "అయ్యో, మరిచిపోయిందేమో పాపం" అంది. ఇంకొకావిడ, "ఉపవాస కూడికలో తిండేంటమ్మా?" అంది.

"మరిచిపోలేదు అత్తా" అన్నాను. "నాకు వచ్చింది గ్యాస్ కాదు. తిండంటే భయపడే జబ్బు. నిరుడు ఇక్కడ నా ఎముకలు చూపించి ఆమేన్ అన్నారు. అప్పుడు నేను ప్రార్థించడం లేదు, చచ్చిపోతున్నాను. దేవుడు నన్ను ఉపవాసంతో లేపలేదు. ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతో, మా అమ్మ కలిపిన అన్నంతో లేపాడు. నన్ను చూసి మొదలుపెట్టిన పిల్లలెవరైనా ఉంటే, ఇప్పుడు కూడా నన్నే చూడండి." ఒక ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకున్నాను. గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. కానీ దిగింది.

ఎవరూ ఆమేన్ అనలేదు. పాస్టరమ్మగారు తన కుర్చీలోంచి లేచారు. బయటికి పొమ్మంటారనుకున్నాను. ఆవిడ మోకాళ్ళ నొప్పులతో మెల్లగా వంగి నా ఎదురుగా చాప మీద కూర్చున్నారు. నా జాకెట్టు చేతి దగ్గర పాత కుట్టు విప్పిన గీత మీద వేలు పెట్టి కాసేపు చూశారు.

"నేనే కదే నిన్ను లేపి చూపించాను" అన్నారు. ఆ మంచి గొంతు లేదు.

అవును, ఆవిడే.

తర్వాత ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, నలభై మందికీ వినబడేలా అన్నారు. "నాకు ఎనిమిదేళ్ళుగా షుగరమ్మా. పూట తప్పితే కళ్ళు తిరుగుతాయి. ప్రతి శుక్రవారం ఈ వెనక వంటింట్లో తలుపేసుకుని బిస్కెట్లు తిని వస్తున్నాను. మీ అందరికీ మాదిరిగా ఉండాలని."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు చాపంతా పాకింది. వెనకెక్కడో బ్యాగు జిప్పు తీసి పొట్లం విప్పిన చప్పుడు, ఇంకొకటి. పాస్టరమ్మగారు నా డబ్బాలోకి తొంగిచూసి ఒక ఇడ్లీ తీసుకున్నారు.

"కారప్పొడి తేలేదా?"

"వచ్చే శుక్రవారం తెస్తానండి."

ఆవిడ రెండు తిన్నారు. మిగతావి నేను తిన్నాను. అప్పుడు, డబ్బాకు మూత పెట్టకుండానే, స్తోత్రం చెప్పాను.